తడి కోత

పొద్దున్న లేచి మూత్రానికి వెళ్లొచ్చాక, గుక్కెడు నీళ్లైనా తాగకముందు, రోజూ ఒకే వేళకి, ఒకేలాంటి బట్టలతో తూకం చూసుకోవాలి. ఒంట్లో నీరు చేరనప్పుడు నా బరువు అరవై రెండు కిలోలు. అది అరవై నాలుగుని తాకిన రోజున, ఒంట్లో ఎలా ఉన్నా సరే, ఆసుపత్రికి ఫోను చెయ్యాలి. రెండేళ్ల కిందట నన్ను ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ చెప్పిన మాటలివి. ఇంతకంటే తేలికైన మాటలు ఉండవు. ఆ వార్డులో వీటిని నా అంత బాగా అర్థం చేసుకున్నవాడు ఇంకొకడు లేడనుకున్నాను. కిందటి చలికాలంలో నేను చావు అంచుదాకా వెళ్లింది ఆ మాటలు అర్థం కాక కాదు, మరీ ఎక్కువగా అర్థం చేసుకుని.

నా జబ్బు పేరు హార్ట్ ఫెయిల్యూర్ అని చెబితే చాలామంది గుండె ఆగిపోయిందనుకుంటారు. ఆగలేదు, అలిసిపోయింది. తోడవలసినంత రక్తం తోడలేక అది వెనకబడితే ఒంట్లో ఉప్పూ నీరూ నిలవ ఉండిపోతాయి. ముందు పాదాల్లో, తర్వాత పిక్కల్లో, పొట్టలో, చివరికి ఊపిరితిత్తుల్లో. నాకు మొదట చెప్పుల పట్టీలు బిగుసుకున్నాయి. తర్వాత ఒక దిండు చాలేది కాదు. రెండయ్యాయి, మూడయ్యాయి, ఆఖరికి గోడకి జారబడి కూర్చుని నిద్రపోయేవాణ్ని. ఆ తర్వాత ఒకనాడు, నీట మునిగినవాడిలా నోరు తెరిచి ఎగపీలుస్తూ ఉండగా ఆసుపత్రిలో చేర్చారు. తొమ్మిది రోజులున్నాను. అందులో రెండు రోజులు ముక్కూ నోరూ కప్పేసి, తల వెనక పట్టీలు బిగించిన మాస్కులోంచి గాలి లోపలికి కొట్టారు. అరవడానికి వీల్లేదు, నీళ్లడగడానికి వీల్లేదు. పక్క మంచం మీద అదే మాస్కు పెట్టుకున్న మనిషి మూడో రోజున లేడు. ఇక్కడ రాయబోయే ప్రతి పనికీ అడుగున ఆ మాస్కు భయం ఉంది. అది ముందే చెప్పేస్తే మంచిది.

నేను ఐదో తరగతితో బడి మానేశాను. మా నాన్న శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఇక్కడ బెంగాల్లో, ఖిదిర్‌పూర్ రేవులో ఓడల సరుకు మోశాడు. నేను మీసం రాకముందే బడ్జ్ బడ్జ్‌లో ఒక జూట్ మిల్లులో నార బేళ్లు మొయ్యడానికి చేరాను. చదువంతా ఆ తర్వాత నా అంతట నేను సంపాదించుకున్నదే. ఖిదిర్‌పూర్‌లో ఒక దుకాణం మేడ మీద మనవాళ్లు పెట్టుకున్న తెలుగు గ్రంథాలయం ఉంది. నాలుగు బీరువాలు, ఒక పొడుగు బల్ల. అందులో ఉన్న పుస్తకాల్లో నేను చదవనివి చేతి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. బెంగాలీ మా వీధి గ్రంథాలయంలో పసిపిల్లల బొమ్మల పుస్తకాలతో మొదలుపెట్టి నేర్చుకున్నాను. ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని కూడబలుక్కుంటాను. ఇదంతా గొప్పకి చెప్పడం లేదు అనను. గొప్పకే చెబుతున్నాను.

జబ్బు బయటపడ్డాక గుండె గురించి ఈ మూడు భాషల్లో దొరికినదల్లా చదివాను. పాత క్యాలెండరు వెనకవైపు గుండె బొమ్మ గీసి, నాలుగు గదులకీ నాలుగు రంగులు పూసి, మా ఆవిడకి చూపించాను. ఆమె బజారులో చేపలమ్ముతుంది. అక్షరాలు రావు, అంకెలు వచ్చు. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ బొమ్మ వంక చాలాసేపు చూసింది.

"బాగున్నాది మావా. ఏ గదిలో ఏటున్నాదో అంతా నీకు ఎరికే. మరి ఆ గుండికి నువ్వు ఎరిక నేదేటి? నీ మాట ఇనదేటి?"

నేను చదివింది ఊరికే పోలేదు. ఉప్పు తగ్గించాను. ఎండు నెత్తళ్లు, పచ్చళ్లు మానేశాను. చేపలమ్మే ఇంట్లో ఎండు చేప మానడమంటే చిన్న సంగతి కాదు. రోజుకి లీటరున్నర మించి తాగకూడదన్నారు. పొద్దున్నే సీసాలో లీటరున్నర నీళ్లు నింపి, టీ తాగినా, చారు తాగినా, అంబలి తాగినా, అంత నీటిని సీసాలోంచి పారబోసేవాణ్ని. మధ్యాహ్నానికి సీసా అడుగంటితే సాయంత్రం దాకా నిమ్మ చెక్క నాలుక మీద పెట్టుకుని కూర్చునేవాణ్ని. ఒంట్లోని నీటిని మూత్రంగా దించే నీటి మాత్ర వేసుకునే మనిషి దాహం ఎలా ఉంటుందో వేసుకున్నవాడికే తెలుస్తుంది. కొళాయి చప్పుడు వినిపిస్తే మెడ తిరిగిపోతుంది.

గీతల నోటుపుస్తకం కొని, తారీకు, బరువు, మాత్రలు, కాళ్ల వాపు, అన్నీ వరసలు గీసి రాశాను. డాక్టరమ్మ ఆ పుస్తకం చూసి ముచ్చటపడింది. వరండాలో కూర్చున్న రోగులకి దాన్ని చూపించి, "రాస్తే ఇలా రాయాలి" అంది. ఆ మాట నేను ఇంటికొచ్చి మా ఆవిడకి రెండుసార్లు చెప్పాను, గ్రంథాలయంలో నాలుగుసార్లు.

ఇక్కడ నా ఉద్యోగం సంగతి చెప్పాలి. అక్షరాలు వచ్చాయి కాబట్టి మిల్లులో నన్ను మోత నుంచి తప్పించి కాటా దగ్గర నిలబెట్టారు. పచ్చి నార లారీల్లో వచ్చేది. నారలో తడి ఉంటే బరువెక్కువ తూగుతుంది, ఆ తడికి మిల్లు ధర కట్టదు. అందుకని కాటా మనిషి బేలులోకి మణికట్టుదాకా చెయ్యి దూర్చి, పిడికిట్లో నలిపి, ఇంత తడి ఉందని చెప్పి, ఆ మేరకి బరువు కోసి రాయాలి. దాన్ని మేము తడి కోత అనేవాళ్లం. తూగినది అసలు బరువు కాదు, కోత పోగా మిగిలినదే అసలు బరువు. ఆ తర్వాత తడి కొలిచే యంత్రం వచ్చింది. నా చెయ్యి చెప్పినదానికీ యంత్రం చెప్పినదానికీ పెద్ద తేడా ఉండేది కాదు. ముప్పై ఏళ్లకి పైగా నేను చేసిన పని అదే.

అలాంటివాడికి "ఒకే వేళకి, ఒకేలాంటి బట్టలతో" అని చెబితే ఏమవుతుంది? బట్టలు మారిన రోజున తేడా కొయ్యాలని అర్థమవుతుంది. నాకు అలాగే అర్థమైంది.

మొదటి కోత నాకు బాగా గుర్తుంది. మా వరసలో ఆరు ఇళ్లకి కలిపి రెండు మరుగుదొడ్లు. ఆ రోజు అవి ఖాళీ లేవు. కడుపు ఖాళీ కాకుండానే తూకం ఎక్కాల్సి వచ్చింది. నాలుగు వందల గ్రాములు తీసేసి రాశాను. తప్పేముంది? నాకు న్యాయంగానే తోచింది, ఇప్పటికీ ఆ ఒక్క రోజు వరకూ న్యాయమే అంటాను. తర్వాత చలి వచ్చింది. స్వెట్టరు వేసుకున్నాను. ఊహించి రాయడం నా పద్ధతి కాదు. మా ఆవిడ పాత చేపల తక్కెడ అటక మీద ఉంటే దింపి, స్వెట్టరు తూచాను. నాలుగు వందల ఎనభై గ్రాములు. మంకీ టోపీ తూచాను. ఆ తర్వాత మంచు రోజుల్లో సందులో ఆరేసిన లుంగీ సాయంత్రానికి కూడా చెమ్మగానే ఉండేది. దాన్ని పిడికిట్లో నలిపి చూస్తే చెయ్యి రెండు వందలంది. రెండు వందలు కోశాను. రాత్రి భోజనం ఆలస్యమైతే దానికి కొంత. మలబద్ధకం అయితే దానికి కొంత.

ఇంత శాస్త్రంగా కోసినవాణ్ని, బరువు తగ్గిన రోజున మాత్రం ఏ కోతా వెయ్యలేదు. స్వెట్టరు ఆ రోజూ ఒంటిమీదే ఉండేది. ఈ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. తట్టనిచ్చానా లేదా అన్నది వేరే ప్రశ్న.

కోత పోగా మిగిలిన బరువే పుస్తకంలో సిరాతో రాసేవాణ్ని. అయితే కాటా మనిషి తూగిన బరువుని ఎక్కడా రాయకుండా వదల్లేడు. చేతికి అలవాటు. అందుకని పుస్తకం తిరగేసి, చివరి పేజీల్లో పెన్సిలుతో తూగిన బరువు రాస్తూ వచ్చాను. వాటిని ఎవరికీ చూపించలేదు.

ఆ నెల ఆసుపత్రికి వెళ్లినప్పుడు డాక్టరమ్మ సిరా అంకెలు చూసింది. అరవై రెండున్నర, అరవై రెండూ ఏడు, అరవై రెండున్నర. "చాలా నిలకడగా ఉన్నారు. రక్తపోటు కాస్త తక్కువగా ఉంది. నీటి మాత్ర రెండు వేసుకుంటున్నారు కదా, ఒకటికి తగ్గిద్దాం" అంది. నేను పరీక్షలో నెగ్గిన పిల్లాడిలా బయటికొచ్చాను. ఆ రోజు పెన్సిలు అంకె అరవై మూడున్నర.

తర్వాతి మూడు వారాలు పెన్సిలు అంకె ఎక్కుతూనే ఉంది, నా కోత దాని వెనకే పరిగెత్తుతూ ఉంది. మా ఆవిడ చేపల లారీలు వచ్చే వేళకి, నేను లేవకముందే బజారుకి వెళ్లిపోతుంది. తూకం మీద నేనూ నా చెయ్యీ తప్ప ఇంకెవరూ లేరు.

గ్రంథాలయానికి వెళ్లడం మానలేదు. శనివారాలు తలుపు తీసే బాధ్యత నాదీ, రేవులో క్రేను నడిపి పదవీ విరమణ చేసిన ఒక స్నేహితుడిదీ. మేడకి పందొమ్మిది మెట్లు. ఇదివరకు ఒక్క ఊపున ఎక్కేవాణ్ని. అప్పుడు ఎనిమిదో మెట్టు దగ్గర ఆగి గోడమీద పాత ప్రకటనలు చదువుతున్నట్టు నిలబడేవాణ్ని. పైన మట్టి ముంతల్లో టీ, కాగితం పొట్లాల్లో ఉప్పూ కారం కలిపిన మురీలు, అంటే మరమరాలు, వచ్చేవి. నేను రెండో ముంత వద్దంటే స్నేహితుడు ఊరుకునేవాడు కాదు.

"మాస్టారూ, ఆ ముంతలో టీ ఏపాటిది? పిల్లి మూతి పెడితే అయిపోద్ది. ఇది కూడా లెక్కేటి?"

"ఒకటే తాగుతాను బావూ."

"మీకేటండి, డాట్రమ్మే మీ పుస్తకం నలుగురికీ సూపించింది. మాలాటోల్లకి గావాల బయం."

తాగాను. సీసా ఇంట్లో ఉంది, పారబోయడానికి అక్కడ ఏమీ లేదు.

దగ్గు మొదలైంది. పడుకుంటే ఎక్కువ, కూర్చుంటే తక్కువ. దీనికి అర్థమేమిటో నేను మూడు భాషల్లో చదివాను. మా ఆవిడ అడిగితే చదువుకుంటున్నానని చెప్పి, గోడకి జారబడి, ఒళ్లో పుస్తకం తెరిచి పెట్టుకునేవాణ్ని. పేజీ తిప్పేవాణ్ని కాదు.

"అదేటి పుస్తకం మావా, నాలుగు దినాలై ఒక్క కాయితమే సదువుతన్నావు?"

"కష్టమైన పుస్తకమే."

"నీ మొకం సూత్తే తెల్తన్నాదిలే."

ఆసుపత్రి నుంచి వారం వారం ఒక సిస్టరు ఫోను చేసి మా బాగోగులు కనుక్కుంటుంది. బెంగాలీ పిల్ల. నన్ను కాకు అంటుంది, అంటే బాబాయి అని. నేను ఆమెని దిదీ అంటాను, అంటే అక్క అని. ఆ సోమవారం పదకొండు గంటలకి ఆమె ఫోను చేసేసరికి నేను మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్లమీద ఆనించి ఊపిరి తీసుకుంటున్నాను.

"ఎలా ఉన్నారు కాకు?"

"బాగానే ఉన్నాను. కాస్త దగ్గు."

"పడుకుంటే ఎక్కువవుతోందా?"

"చలి కదా దిదీ."

"కాళ్లు?"

"ఎప్పటిలాగే."

"బరువెంత?"

పెన్సిలు అంకె నాకు తెలుసు. సిరా అంకె చెప్పాను. "అరవై మూడు ఆరు వందలు."

అవతల ఆమె రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. "అయితే నీరు కాకపోవచ్చు. ఊరంతా ఈ దగ్గే. ఆవిరి పట్టండి. గురువారం ఎలాగూ వస్తున్నారు, డాక్టరుగారు చూస్తారు. ఊపిరి ఆడకపోతే మాత్రం ఆగకండి. మీలా రాసుకునేవాళ్లు పదిమంది ఉంటే మాకు పనే ఉండదు కాకు."

ఫోను పెట్టి తలెత్తేసరికి గుమ్మంలో మా ఆవిడ. చలికి బేరాల్లేక తొందరగా వచ్చేసింది. చేపల తట్ట ఇంకా చంకలోనే ఉంది.

"ఆ పిల్లకి ఎంతని సెప్పినావు?"

"అరవై మూడూ ఆరొందలు."

"ఎక్కు."

"పొద్దున్నే సూసీసినాను గదే. ఇప్పుడు తిన్నాక తేడా వొత్తాది..."

"నానేటన్నాను? ఎక్కు మావా."

లేచాను. మంచం నుంచి తూకందాకా నాలుగడుగులు. ఆ నాలుగడుగులకే నోటితో గాలి తీసుకోవలసి వచ్చింది. ఎక్కి నిలబడ్డాను. ఆమె తట్ట కింద పెట్టి వంగి చూసింది.

"అరవై ఆరూ నాలుగొందలు. రెండు కేజీల ఎనిమిదొందలు ఎక్కడ కొట్టీసినావు?"

నేను చెప్పడం మొదలుపెట్టాను. స్వెట్టరు నాలుగు వందల ఎనభై, టోపీ, లుంగీ చెమ్మ రెండు వందలు, రాత్రి అన్నం, కడుపు. మధ్యలో ఊపిరికి ఆగుతూ, ఒక్కొక్కటీ వరసగా చెప్పాను. ఆమె నోరు తెరిచి విన్నది.

"ముప్పయ్యేల్లై సేపలమ్ముతన్నాను. గిరాకీని కొట్టీసినోల్లని సూసినాను, సావుకార్ని కొట్టీసినోల్లని సూసినాను. తన్ను తానే తూకంలో కొట్టీసుకున్నోడ్ని ఇప్పుడే సూత్తన్నాను."

"అది కొట్టీడం కాదే. కోత. మిల్లులో..."

"మిల్లులో ఏటి సేసీవోడివి? బేల్లో సెయ్యెట్టి నొక్కీవోడివి. అంతేనా?" ఆమె నా ముందు గొంతుక్కూర్చుని, లుంగీ పైకి తోసి, ఎముక మీద బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కింది. తీసింది. వేలు పట్టేంత గొయ్యి పడింది. ఇద్దరమూ దాన్ని చూస్తూ ఉన్నాం. అది పూడలేదు. "లుంగీలో తడి తెలిసింది గానీ నీ కాల్లో తడి తెల్నేదేటి నీకు? తడిసిన బేలుని ఏటి సేసీవోరు?"

"ఏరే పెట్టీవోలం."

"ఏరే పెట్టకపోతే?"

"లోపల కుల్లిపోద్ది."

ఆమె సిస్టరు నంబరు నొక్కి ఫోను నా చేతికిచ్చింది. అవతల వేరే ఎవరితోనో మాట్లాడుతున్నారు. మళ్లీ నొక్కింది. మళ్లీ అంతే. "గురువారం దాకా..." అని నేను ఏదో అనబోయాను. మాట సగంలో తెగింది. దగ్గు వచ్చింది, ఆగలేదు. చేతిలో పడిన కళ్లె నురగ నురగగా, లేత గులాబి రంగులో ఉంది. ఊపిరితిత్తుల్లో నీరు నిండితే వచ్చే ఆ రంగు గురించి కూడా నేను చదివాను.

ఆమె వీధిలోకి పరిగెత్తి ట్యాక్సీ తెచ్చింది. నోటుపుస్తకం నేను వదల్లేదు, చంకలో పెట్టుకున్నాను. మేముండేది రేవు వంతెనకి అవతలివైపు. ఊళ్లోకి రావాలంటే వంతెన దాటాలి. ఓడ వస్తే వంతెన పైకి లేస్తుంది, బండ్లన్నీ ఆగిపోతాయి. మేము చేరేసరికి వంతెన లేచి ఉంది. ముందు లారీలు, వెనక బస్సు, పక్కన తోపుడు బండ్లు. కదలడానికి సందు లేదు.

నేను ముందు సీటు వీపుని రెండు చేతులా పట్టుకుని వంగి కూర్చున్నాను. వెనక్కి ఆనితే ఊపిరి లేదు. ఛాతీ లోపల, ఎవరో నీళ్ల గిన్నెలో గొట్టం పెట్టి ఊదుతున్నట్టు చప్పుడు. మా ఆవిడ అద్దాలన్నీ దించింది. చలిగాలి ముఖానికి కొట్టింది. డ్రైవరు వెనక్కి తిరిగి నా వంక చూశాడు, ఇంజను ఆపేశాడు, దిగి ముందుకి వెళ్లి చూసి వచ్చాడు. "పెద్ద ఓడ దిదీ. ఇరవై నిమిషాలు" అన్నాడు.

ఓడ గోడలా నెమ్మదిగా కదులుతోంది.

"ఆ ఓడ బరువెంతో సెప్పు మావా. నీ కోత పోనూ." నా వీపు మీద ఆమె చెయ్యి పైకీ కిందికీ పోతోంది, ఆపడం లేదు. కాసేపయ్యాక చెవి దగ్గరగా వంగి అడిగింది. "ఎందుకు సేసినావు?"

"ఆ మాస్కు." ఒక ఊపిరి. "అరవై నాలుగు రాత్తే మల్లీ ఆ మంచం." ఇంకో ఊపిరి. "అదీ గాక... ఆ పుస్తకం అందరికీ సూపించింది గదా."

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

వంతెన ఎప్పుడు దిగిందో నాకు సరిగ్గా గుర్తు లేదు. ఏక్‌బాల్‌పూర్ దాటడం గుర్తుంది. ఎమర్జెన్సీ గుమ్మంలో చక్రాల కుర్చీ గుర్తుంది. మా ఆవిడని టికెట్టు రాయించుకురమ్మని కౌంటరుకి పంపారు. నా దగ్గరికి ఒక కుర్ర డాక్టరు వచ్చాడు, నన్నెప్పుడూ చూసినవాడు కాదు. చుట్టూ పదిమంది అతన్ని పిలుస్తున్నారు. వేలికి క్లిప్పు పెట్టాడు, ముక్కుకి ఆక్సిజను గొట్టం పెట్టించాడు. ఒళ్లోని నోటుపుస్తకం చూసి తీసుకుని గబగబా పేజీలు తిప్పాడు.

"గుండె రోగి. చక్కగా రాసుకున్నారే! బరువు పెరగలేదు." నర్సు వైపు తిరిగాడు. "నీరులా లేదు. న్యుమోనియా కావచ్చు. ఎక్స్‌రేకి పంపండి." ఎక్స్‌రే గది ముందున్న వరస నాకు కనిపిస్తోంది. గోడ చివరిదాకా ఉంది. అతను పుస్తకం మూసి నా ఒళ్లో పెట్టి పక్క మంచం వైపు కదిలాడు.

అంతసేపూ ఎంత భయపడ్డానో ఆ క్షణంలో అంతకు మించి భయపడ్డాను. ఆ మనిషి నన్ను నమ్మి వెళ్లిపోతున్నాడు. నా సిరా అంకెల్ని నమ్మి. చెయ్యి చాచి అతని తెల్లకోటు అంచు పట్టుకున్నాను.

"వెనక," అన్నాను. "వెనక పేజీలు."

అతనికి అర్థం కాలేదు. పుస్తకం తిరగేసి చివరి పేజీ తెరిచి, పెన్సిలు అంకెల మీద వేలు పెట్టాను. "ఇది నిజం. అది... నేను తగ్గించి రాసింది."

అతను ఆ వరస పైనుంచి కిందికి చూశాడు. అరవై మూడున్నర, అరవై నాలుగూ రెండు, అరవై ఐదు, అరవై ఆరు. నా ముఖం వంక చూశాడు. అందులో కోపం ఉందో ఆశ్చర్యం ఉందో చెప్పలేను. వంగి నా కాలు నొక్కాడు, వీపు మీద స్టెతస్కోపు పెట్టి కిందినుంచి పైకి విన్నాడు. తర్వాత అంతా వేగంగా జరిగింది. నరంలోకి నీటి మందు సూది. మూత్రానికి గొట్టం. ఆ తర్వాత అతను మాస్కు తెమ్మన్నాడు.

తెచ్చారు. పట్టీలు బిగించారు. నేను దేన్నుంచి తప్పించుకోవడానికి ఇన్నాళ్లూ కోసుకుంటూ వచ్చానో దాన్నే, మంచం పక్కన వేలాడుతున్న సంచిలోకి నీరు చుక్కచుక్కగా దిగడం చూస్తూ, ఒక పగలూ ఒక రాత్రీ ఓర్చుకున్నాను. మా ఆవిడ వచ్చి సంచి వంక చూసి, మాస్కులో ఉన్న నన్ను చూసి, స్టూలు మీద కూర్చుంది.

మూడో రోజున మా డాక్టరమ్మ వచ్చింది. నోటుపుస్తకం రెండువైపులా తెరిచి, సిరా పేజీ పక్కన పెన్సిలు పేజీ పెట్టుకుని చదివింది. చాలాసేపు చదివింది. ఎక్కడెక్కడ ఎంత కోశానో చెప్పమంటే చెప్పాను. మిల్లు సంగతి కూడా చెప్పాను. నవ్వుతుందేమోనని ఎదురుచూశాను. నవ్వలేదు.

"మీ మాత్ర రెండునుంచి ఒకటి చేసింది ఈ అంకెలు చూసే" అంది. "నేను తగ్గించిన రోజున మీకు పెంచాల్సి ఉంది. మీ గుండె ఇదివరకటికంటే ఇప్పుడు ఇంకొంచెం బలహీనపడింది. అది మళ్లీ వెనక్కి రాకపోవచ్చు." పుస్తకం మూసి నా చేతికిచ్చింది. "లుంగీ చెమ్మ నాకు అక్కర్లేదు. స్వెట్టరు అక్కర్లేదు. తూకం తప్పు చెబితే చెప్పనివ్వండి. నాకు తూగింది తూగినట్టు కావాలి. దాన్ని చూసుకోవడం నా పని."

అంతవరకూ నేను చదివిన పుస్తకాలన్నిట్లోనూ గుండె గురించి ఉంది, ఉప్పు గురించి ఉంది, నీరు గురించి ఉంది. చదివింది నిజమే, దాన్ని నేను చదివిందీ నిజమే. ఇప్పటికీ చదువుతాను. కాకపోతే నా ఒంటి లెక్క నా ఒక్కడి చేతిలో ఉండకూడదని ఆ పుస్తకాల్లో ఎక్కడా లేదు.

ఏడో రోజున ఇంటికి పంపారు. అరవై రెండూ రెండు వందలు. నీటి మాత్ర మళ్లీ రెండయింది, ఇంకో కొత్త మాత్ర తోడైంది. గ్రంథాలయం మెట్లు ఇప్పుడు మూడుచోట్ల ఆగి ఎక్కుతాను. ప్రకటనలు చదువుతున్నట్టు నటించను. స్నేహితుడు మొదటి శనివారమే రెండు ముంతలు తెచ్చి, నా వంక చూసి, రెండూ తనే తాగాడు.

మా ఆవిడ బజారుకి వెళ్లేముందు నన్ను లేపుతుంది. ఆమె వంగి అంకె చదువుతుంది, నేను సిరాతో రాస్తాను. కొత్త పుస్తకం. ఒకే వరస. చేపల లారీలకి ఆలస్యమవుతుందని గొణుగుతూనే ఉంటుంది, అయినా అంకె చదవకుండా గుమ్మం దాటదు.

మూడు వారాలు అరవై రెండుకీ అరవై మూడుకీ మధ్యలోనే నడిచింది. తర్వాత ఒక బుధవారం అరవై మూడూ రెండు వందలు. గురువారం ఆమె వంగి చూసి, వెంటనే చదవలేదు. నన్ను దిగమంది. మళ్లీ ఎక్కమంది.

"అరవై నాలుగు," అంది.

నాకు ఊపిరి బాగానే ఉంది. కాళ్లలో పెద్ద వాపు లేదు. ముందురోజు పెళ్లివారి ఇంట్లో తిన్నాను, ఉప్పు ఎక్కువైందేమో. కడుపు ఖాళీ కాలేదు. ఒక్క రోజు ఆగి చూస్తే దానంతట అదే దిగొచ్చు. ఇవన్నీ నిజాలే, ఒక్కటీ అబద్ధం కాదు. కలం పట్టుకుని కూర్చున్నాను. ఆమె నన్ను తొందర పెట్టలేదు. రాశాను.

ఆసుపత్రిలో పొద్దున్న ఆ వేళకి రాత్రి డ్యూటీవాళ్లే ఉంటారు. అయినా నంబరు నొక్కాను. చాలాసేపు మోగింది. మా ఆవిడ తట్ట ఎత్తుకోకుండా గుమ్మంలోనే నిలబడింది. ఒకసారి పెట్టేద్దామనిపించింది, ఎనిమిది దాటాక చేద్దామనిపించింది. పెట్టెయ్యలేదు.

"హలో, ఎవరు?" అంది అవతల ఒక నిద్ర గొంతు.

నేనెవరో చెప్పాను. "ఈ రోజు తూకం అరవై నాలుగు," అన్నాను. "ఏం చెయ్యమంటారు?"